ఆది జాకెట్టు

పార్శీగుట్ట మలుపుల, గిర్నీ పక్కపొంటి నా షాపు.
ఫాల్, పీకో, జాకెట్లు. లైనింగుదైతే వేరే రేటు.
కౌసల్యక్క ఆది జాకెట్టు తొమ్మిదేండ్ల సంది
నా అల్మారల్నే ఉన్నది. ముదురు ఇటుకరంగుది,
చంకల కాడ రెండుసార్లు కుట్లిప్పి వదులు చేసిన.

అప్పటికి ఆమె ఇంకా కార్పొరేటరు కాలే.
నీళ్లు సగంల బందువెట్టి పోతున్న ట్యాంకరు డ్రైవర్ని
కాలరు వట్టి కిందికి గుంజింది.
ఇంకో చేతుల బిందె అట్లనే ఉన్నది.
ఆ బిందె గురించి ఎవ్వరు మాట్లాడరు.
కాలరు గురించి ఇప్పటికీ మాట్లాడుతరు.

కారం పట్టే దినాలల్ల గిర్నీ లైను నా గడప దాంక వస్తది.
"ఆడిదన్నంక గంత నోరేంది" అంటది విమలాబాయి,
మొన్ననే మొగనితోని మూడంతస్తులు ఇనేటట్టు కొట్లాడిన మనిషి.
"నోరు లేకుంటే ఈ మోరీ మీద బండలు వడుతుండెనా?"
ఫర్హానా తుమ్ముకుంట తుమ్ముకుంటనే జవాబిస్తది.
దశరథం సారుకు, ఆమె ఇంజినీరును "ఏందయ్యా" అన్నదని కోపం.
అంతకుముందున్నాయన అదే ఇంజినీరును
తల్లిని వట్టుకొని తిడితే
"జోరున్న మనిషి" అని నవ్విండు ఈ సారే,
నా స్టూలు మీదనే కూసోని.
ఆమె మొగడు రాజమల్లు ఆర్టీసీ కండక్టరు.
పొద్దుగాల బాసన్లు తోముతుంటె చూసినోళ్లున్నరు.
అదొక తప్పు, అదీ ఆమె ఖాతాలనే.
మా ఆయనైతే
టీవీల ఆమె కనవడంగనే సౌండు వెంచుతడు,
మొత్తం ఇంటడు, అయిపోయినంక తిడుతడు.

ఒకపారి మా నల్లా నీళ్లు సీసల వట్టుకపోయి
కౌన్సిలు మీటింగుల మేయరు ముంగట వెట్టింది:
"ఛాయ్ అనుకొని ఒక్క గుటక తాగుండ్రి."
ఆ రోజంతా షాపుకొచ్చిన ప్రతి ఫోనుల అదే గొంతు.
ఒక ఫోను చుట్టు నవ్వులు, ఇంకో ఫోను చుట్టు థూ.
నెల రోజులు నీళ్లు తేటగ వచ్చినయి.
తర్వాత మళ్ల మామూలే.

నన్నడిగితే,
నాలా వెడల్పు చేసిన్నాడు నా షాపు ముంగటి రేకు వీకిండ్రు.
మన మనిషే గద అని ఆమె కాడికి ఉరికిన.
"నీ రేకు కోసం గల్లీ మునగాల్నా, పద్మజా?"
అందరి ముంగట. మైకు లేకున్నా మైకుల అన్నట్టే.
న్యాయమే కావచ్చు.
చెంప మీద మాత్రం న్యాయం లెక్క పడలే.
ఆమె జాకెట్లు నాలుగు రోజులు కావాల్ననే ఆలిశం చేసిన.

ఐదో రోజు తనే వచ్చింది.
ఆలిశమైందని అనలే. రేకు మాట తియ్యలే.
"లోపట, ఎడమదిక్కు, చిన్న జేబు వెట్టు. రెండేళ్లు వట్టేంత."
"ఎందుకక్కా?"
"కుట్టు."
సిటీ మొత్తానికి అన్నీ మొఖం మీద చెప్పే మనిషి
అదొక్కటి చెప్పలే.

మొన్న వదులు చేయనీకి వచ్చిన జాకెట్టుల
వేలు వెట్టి చూసిన.
రెండు లవంగాలు. ఒకటి సగం కొరికి ఉన్నది.

ఆమె గురించి ఈ గల్లీల ఎవరికి తోచింది వాళ్లు అంటరు,
చీర కట్టు మీద, నడక మీద, నవ్వు మీద.
జేబు మీద ఎవ్వరు ఏం అనలే, తెల్వదు గనక.
నేను చెప్పలే. ఎందుకు చెప్పలేనో నాకే సక్కగ తెల్వదు.
కోపమైతే పోలే.
వాన కొడితే మిషను మీద పాత ఫ్లెక్సీ కప్పుతున్న,
ఆమెదే, మొఖం లోపటికి పోయేటట్టు.

మళ్ల ఎలక్షన్లొచ్చినయి.
"నీ ఓటెవరికే?" అంటది విమలాబాయి.
ఫర్హానా అడుగుతది. సారు అడగనట్టు అడుగుతడు.
నా నోట్లె గుండుసూదులున్నయి.
ఆగుండ్రని చెయ్యి చూపెట్టి
మిషను తొక్కిన.